మన డెల్టా ఇంటికి ఎన్ని టన్నుల ఏసీ కావాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరంలో అయినా, అమలాపురంలో అయినా, రాజమహేంద్రవరంలో అయినా ఏసీ కొనడానికి వెళ్లినవారికి షాపులో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: "గది ఎంతండీ?" కొలత చెప్పగానే టన్నులు చెప్పేస్తారు. గది కొలత సగం సంగతే చెబుతుంది. తల మీద శ్లాబు ఎండకు కాలుతోందా, పడమటి వైపు కిటికీ ఉందా, ఇంటి వెనక చేపల చెరువు ఉందా అన్నవి మిగతా సగం. కింది ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ రెండో సగం గురించే.

టన్ను అంటే ఏసీ బరువా?

కాదు. మంచుగడ్డలతో చల్లదనం తెచ్చుకున్న కాలంలో అమెరికాలో పుట్టిన కొలత ఇది. అక్కడి టన్ను 2,000 పౌండ్లు, మన లెక్కలో దాదాపు 907 కిలోలు. అంత మంచు 24 గంటల్లో పూర్తిగా కరగడానికి ఎంత వేడి కావాలో, అదే వేగంతో గదిలోని వేడిని లాగి బయట పారబోసే యంత్రాన్ని 1 టన్ను ఏసీ అంటారు. గంటకు 12,000 బీటీయూలు (బీటీయూ అంటే వేడిని కొలిచే ఒక ప్రమాణం), అంటే సుమారు 3,500 వాట్లు.

ఈ వాట్లను చూసి కంగారు పడనక్కరలేదు, ఇవి కరెంటు వాట్లు కావు. 3,500 వాట్ల వేడిని బయటికి తోయడానికి ఏసీకి సుమారు 1,000 వాట్ల కరెంటు చాలు. కొనేటప్పుడు మాత్రం పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న టన్నుల కంటే, స్టార్ లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న కూలింగ్ కెపాసిటీ అంకెను నమ్మండి. ఒకటిన్నర టన్ను అని అమ్మేవాటిలోనే 4,800 వాట్ల దగ్గర ఆగిపోయేవి ఉన్నాయి, 5,200 దాటేవి ఉన్నాయి. ధర ఎందుకు తేడాగా ఉందో ఒక్కోసారి అక్కడే తెలిసిపోతుంది.

మా పడకగది పది అడుగులు, పన్నెండు అడుగులు. 1 టన్ను సరిపోతుందా?

చాలా ఇళ్లలో సరిపోతుంది. కొన్నిటిలో సరిపోదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. లెక్క స్థూలమైనదే, కానీ దిక్కు చూపిస్తుంది.

మేడ మీద ఇంకో అంతస్తు ఉన్న ఇల్లు అనుకోండి. గదికి రెండు గోడలు బయటి వైపున ఉన్నాయి, తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు. మే నెల సాయంత్రం వాటి గుండా సుమారు 500 వాట్ల వేడి లోపలికి వస్తుంది. తూర్పున ఉన్న మామూలు కిటికీ, తెర వేసి ఉంటే 250. ఇద్దరు మనుషులు 200. ఫ్యాను, లైటు, టీవీ, ఫోను ఛార్జర్లు కలిపి 150. ఏసీ లేని పక్కగదుల నుంచి, పైనుంచి, కింద గచ్చు నుంచి 450. తలుపు సందుల్లోంచి చొరబడే గాలి, దానితో వచ్చే తేమ మరో 450. మొత్తం 2,000 వాట్లు. 1 టన్ను ఏసీ 3,500 వాట్లది కాబట్టి ఇంకా చేతిలో మిగులు ఉంది. ఉదయం నుంచి మూసి ఉంచిన గదిని అరగంటలో చల్లార్చడానికి ఆ మిగులు అవసరం కూడా.

ఇదే గదిని పై అంతస్తుకు తీసుకెళ్లండి. ఎండకు కాలిన శ్లాబు ఒక్కటే అదనంగా 700 వాట్లు కురిపిస్తుంది. మొత్తం 2,700. ఇప్పటికీ 1 టన్ను లాగగలదు, కాకపోతే ఆయాసపడుతుంది. ఆ గదికే పడమటి గోడ, పడమటి కిటికీ ఉంటే ఇంకో 700 కలపండి. లెక్క 3,400కు చేరింది. ఇక్కడ 1 టన్ను చేతులెత్తేస్తుంది. ఎందుకంటే లేబుల్ మీది 3,500 అనే అంకె బయట 35 డిగ్రీలు ఉన్నప్పటి మాట. బయట 42 ఉన్న మధ్యాహ్నం అదే యంత్రం అంత వేడిని తోయలేదు. అలాంటి గదికి ఒకటిన్నర టన్ను తీసుకోవడమే సబబు.

చూశారా, కొలత మారలేదు, గది మారలేదు. అవసరం మాత్రం 2,000 నుంచి 3,400కు వెళ్లింది.

షాపుల వాళ్లు చెప్పే చదరపు అడుగుల లెక్క తప్పా?

తప్పు కాదు, మొదటి మెట్టు. 120 చదరపు అడుగుల వరకు 1 టన్ను, 180 వరకు ఒకటిన్నర, 250 వరకు 2 టన్నులు అనేది వాడుకలో ఉన్న లెక్క. పైకప్పు పది అడుగుల ఎత్తు దాటకపోతే, పైన ఇంకో అంతస్తు ఉంటే, ఇద్దరు ముగ్గురు మనుషులే ఉంటే ఇది బాగానే కుదురుతుంది. 80, 90 చదరపు అడుగుల చిన్న గదికి, అదీ కింది అంతస్తులో ఉంటే, ముప్పావు టన్నువి కూడా దొరుకుతాయి. అడిగితే గాని చూపించరు.

ఎలాగూ కొంటున్నాం, కాస్త పెద్దది కొంటే పోయేదేముంది?

మన ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే, అందుకని కొంచెం నిదానంగా చెబుతాను.

ఏసీ రెండు పనులు చేస్తుంది. గాలిని చల్లబరుస్తుంది, గాలిలోని నీటిని పిండుతుంది. అనంతపురంలో మొదటి పని ముఖ్యం. కాలువలు, వరి చేలు, చేపల చెరువులు, పక్కనే సముద్రం ఉన్న మన దగ్గర రెండో పని దానికి ఏమాత్రం తీసిపోదు. మనల్ని సతాయించేది ఉత్త ఎండ కాదు, ఉక్కపోత. వడగాలి ఆగిపోయిన జూన్‌లో, వానలు వెనకపట్టిన సెప్టెంబరులో థర్మామీటరు 33 చూపిస్తున్నా చొక్కా ఒంటికి అతుక్కుంటుంది.

నీటిని పిండాలంటే లోపలి యూనిట్‌లోని కాయిల్ (గొట్టాల చుట్ట) చాలాసేపు చల్లగా ఉండాలి, గాలి దాని మీదుగా మళ్లీ మళ్లీ వెళ్లాలి. గదికి మించిన ఏసీ పెడితే ఐదారు నిమిషాల్లో 24 డిగ్రీలకు తెచ్చి కంప్రెసర్ ఆగిపోతుంది. గాలి చల్లబడింది, తేమ అలాగే ఉంది. కాయిల్ మీద అప్పుడే పట్టిన నీళ్లు కూడా, ఫ్యాను తిరుగుతుండటంతో, ఆవిరై గదిలోకే తిరిగి వస్తాయి. ఫలితం చల్లగా, చెమ్మగా ఉండే గది. దుప్పటి తడిగా అనిపిస్తుంది, బీరువాలో బట్టలకు బూజు వాసన పడుతుంది. ఇంటివాళ్లు రిమోట్ తీసుకుని 20కి, 18కి దించుతారు. అప్పుడు చలి వేస్తుంది, ఉక్క మాత్రం పోదు.

ఇన్వర్టర్ ఏసీ అయితే ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే అది వేగం తగ్గించుకుని తిరుగుతూనే ఉంటుంది. కానీ తగ్గడానికీ ఒక హద్దు ఉంటుంది. 90 చదరపు అడుగుల గదిలో 2 టన్నుల ఇన్వర్టర్ పెడితే అది తన కనిష్ఠ వేగంలో కూడా ఎక్కువే అవుతుంది, చివరికి పాత ఏసీలాగే ఆగుతూ మొదలవుతూ ఉంటుంది.

తేమ పిండటానికి నిజంగా అంత శక్తి పోతుందా?

పోతుంది, మీరే కొలుచుకోవచ్చు. డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి గంట తర్వాత చూడండి. లీటరు నీళ్లు పడ్డాయంటే, ఆ గంటలో మీ ఏసీ సుమారు 680 వాట్లు కేవలం ఆవిరిని నీరుగా మార్చడానికే ఖర్చు పెట్టింది. 1 టన్ను సామర్థ్యంలో అది దాదాపు ఐదో వంతు. ఒకటిన్నర లీటరు పడితే కిలోవాటు.

ఇంకో మాట. లేబుల్ మీది కెపాసిటీని కొలిచే పరీక్షలో గదిలో 27 డిగ్రీల వేడి, తేమ 50 శాతం లోపు ఉంటాయి. నర్సాపురంలోనో రాజోలులోనో సాయంత్రం తలుపులు తీసి ఉంచిన గదిలో తేమ అంతకంటే చాలా ఎక్కువ. అంటే అదే ఏసీ మన దగ్గర నీటి మీద ఎక్కువ శ్రమ పడుతుంది, గాలిని చల్లార్చడానికి తక్కువ మిగులుతుంది.

కాబట్టి టన్ను పెంచడం కంటే ముందు తేమ వచ్చే దారులు మూయండి. గదికి ఆనుకుని ఉన్న స్నానాల గది తలుపు వేసి ఉంచండి. తలుపు కింద అంగుళం సందు ఉంటే రబ్బరు పట్టీ వేయించండి. వానాకాలంలో ఉతికిన బట్టలు ఏసీ గదిలో ఆరేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. బట్టలు ఆరతాయి, నిజమే. ఆ నీరంతా మీ కరెంటు బిల్లు మీదుగానే బకెట్‌లో పడుతుంది.

కూలర్ సరిపోదా? ఏసీ ఖర్చు తప్పుతుంది కదా.

కూలర్ నీటిని ఆవిరి చేసి చల్లదనం ఇస్తుంది. గాలి ఇప్పటికే నీటితో నిండి ఉంటే ఇంకేం ఆవిరి అవుతుంది? రోహిణి కార్తెలో పడమటి గాలి పొడిగా వీచే కొద్ది రోజులు రాజమహేంద్రవరం, కొవ్వూరు వైపు కూలర్ పనికొస్తుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఆ రోజులు కూడా దొరకడం కష్టం. మిగతా కాలమంతా కూలర్ గదిలో ఉక్క పెంచుతుంది. ఏసీ, కూలర్ ఒకే గదిలో కలిపి వాడటం మాత్రం ఎప్పుడూ వద్దు: ఒకటి పోసిన నీటిని ఇంకోటి తోడుతూ కూర్చుంటుంది.

మాది డాబా ఇల్లు, పైన ఏమీ లేదు. టన్ను పెంచమంటున్నారు. వేరే దారి లేదా?

ఉంది, ముందు ఆ దారే చూడండి. పగలంతా ఎండ తాగిన శ్లాబు చీకటి పడ్డాక కూడా గంటల తరబడి వేడిని కిందికి వదులుతుంది. పడుకునే వేళకు పైకప్పు మీద చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఏసీ ఆ సమయంలో గదిలోని గాలితో పోరాడటం లేదు, మీ తల మీది సిమెంటుతో పోరాడుతోంది.

శ్లాబు మీద నీడ వేయడం అన్నిటికంటే మేలైన పని. మన ఊళ్లలో వేసవికి డాబా మీద తాటాకు పందిరి వేయడం పాత పద్ధతి, ఇప్పటికీ దాన్ని మించినది తక్కువ. నిప్పు భయం ఉన్నవారు, తాటాకు దొరకనివారు నాలుగైదు అడుగుల ఎత్తున షేడ్ నెట్ కడుతున్నారు. పందిరికీ శ్లాబుకూ మధ్య గాలి ఆడాలి, అది మరవకండి. తుపాన్ల కాలం మొదలయ్యే ముందు విప్పేయాలి, అది అసలు మరవకండి. అంత పని వద్దనుకుంటే తెల్లటి కూల్ రూఫ్ పెయింటో, తెల్ల టైల్సో వేయించవచ్చు. కనీసం సున్నం కొట్టించినా తేడా ఉంటుంది, అయితే ఒక వానాకాలానికే కొట్టుకుపోతుంది.

లోపల ఫాల్స్ సీలింగ్ వేయించే ఆలోచన ఉంటే, దాని పైన థర్మోకోల్ లాంటి ఇన్సులేషన్ పరిచిన తర్వాతే బిగించమనండి. ఉత్త జిప్సం షీటు అందంగా ఉంటుంది, వేడిని కొంతే ఆపుతుంది.

వీటిలో ఏ ఒక్కటి సరిగా చేసినా పై లెక్కలోని 700 వాట్లలో చాలా భాగం తగ్గుతుంది. టన్నుకు ఒకసారి ఇచ్చే డబ్బు కంటే, ప్రతి నెలా ఇచ్చే కరెంటు బిల్లులో ఆ తేడా బాగా కనిపిస్తుంది. ఇవేవీ కుదరని అద్దె ఇల్లయితే సరే, పై అంతస్తుకు అర టన్ను పెంచండి.

పడమటి కిటికీకి లోపల దళసరి తెర వేశాం. చాలదా?

లోపలి తెర ఎండను గదిలోకి వచ్చాక ఆపుతుంది. అద్దం దాటిన వేడిలో చాలా వరకు లోపలే ఉండిపోతుంది. వెదురు తడిక గాని, చాప గాని, కొబ్బరాకు దడి గాని కిటికీ బయట వేలాడదీయండి. నాలుగు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న అద్దం మీద సాయంత్రం నాలుగింటి ఎండ నేరుగా పడితే అర కిలోవాటు పైనే లోపలికి వస్తుంది. గోడవారగా రెండు కొబ్బరి చెట్లున్న కోనసీమ ఇళ్లకు ఈ బాధ లేదు.

పాత పెంకుటిల్లు. మండువా పక్క గదికి ఏసీ పెట్టవచ్చా?

పెట్టవచ్చు, అలాగే పెడితే డబ్బు దండగ. పెంకుల సందుల్లోంచి గాలి ఆడటం కోసమే ఆ ఇల్లు అలా కట్టారు. ఆ గాలి ఏసీకి శత్రువు. కప్పు మధ్యలో పదిహేను అడుగులు ఉంటే గది ఘనపరిమాణం కూడా బాగా పెరుగుతుంది.

దూలాల కింద పది అడుగుల ఎత్తున సీలింగ్ బిగించి, దాని అంచులన్నీ మూసి, పైన ఇన్సులేషన్ పరచండి. పెంకులకూ సీలింగుకూ మధ్య గాలి ఆడే ఖాళీని మాత్రం మూయకండి. అప్పుడు ఆ గది మేడ కింది గదికంటే చల్లగా ఉంటుంది, మందపాటి పాత గోడలు కూడా సాయం చేస్తాయి. 130 చదరపు అడుగులైనా 1 టన్ను నెట్టుకొస్తుంది. అటక ఉన్న గదులకు ఈ పని ముప్పాతిక ముందే జరిగిపోయి ఉంటుంది. పాత తలుపుల చెక్కల మధ్య సందులు, గోడ పైభాగంలోని గూటి కిటికీలు కూడా చూసుకోండి.

హాలు, భోజనాల గది, వంటగది కలిసే ఉన్నాయి. ఎంత పెట్టాలి?

మొత్తం వైశాల్యం కలిపే లెక్కించాలి, సోఫాలున్న చోటు ఒక్కటే కాదు. చల్లగాలికి మీ సోఫా ఎక్కడిదాకా ఉందో తెలియదు. హాల్లోంచే మేడ మెట్లు పైకి వెళ్తుంటే, మెట్ల నోరు తలుపుతోనో తెరతోనో మూయకుండా ఎన్ని టన్నులు పెట్టినా నిండదు. వంటగదిలో గ్యాసు పొయ్యి రెండు మంటల మీద వెలుగుతుంటే రెండు మూడు కిలోవాట్ల వేడి, దానితో పాటు ఆవిరి. అంటే పొయ్యి ఒక్కటే దాదాపు 1 టన్ను ఏసీని మింగేస్తుంది. వంటగదికి తలుపు లేకపోతే ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరి.

300 చదరపు అడుగులు దాటిన హాలుకు ఒక్క పెద్ద యూనిట్ కంటే రెండు చివర్లా రెండు ఒకటిన్నర టన్నులవి నయం. ఇద్దరే ఉన్నప్పుడు ఒకటి చాలు. పండక్కి చుట్టాలు దిగినప్పుడు రెండూ వేసుకోవచ్చు. ఒకటి పాడైనా ఇల్లు పూర్తిగా ఉక్కిపోదు. మనిషికి 100 వాట్లు అని లెక్క వేయండి, పదిహేను మంది చుట్టాలంటే ఒకటిన్నర కిలోవాటు.

2 టన్నులది కొని 1 టన్నుగా వాడుకోవచ్చని చెప్పే కన్వర్టిబుల్ ఏసీలు మంచివేనా?

ఉపయోగం ఉంది. రిమోట్‌లో 80 శాతం, 60 శాతం అని ఎంచుకుంటే కంప్రెసర్ అంతకు మించి పరుగెత్తదు. ఇద్దరే ఉన్న రాత్రి ఇది పనికొస్తుంది. అయితే మామూలు ఇన్వర్టర్ ఏసీ కూడా గది చల్లబడ్డాక తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఈ ఒక్క సౌకర్యం కోసం అవసరానికి మించిన టన్ను కొనకండి.

స్టార్లు ఎన్ని ఉండాలి?

స్టార్ల కంటే వాటి పక్కనున్న ఐసీర్ (ISEER) అంకె చూడండి. ఏడాది మొత్తం మీద తినే కరెంటుకు ఏసీ ఎంత వేడిని బయటికి తోస్తుందో చెప్పే అంకె అది, ఎంత పెద్దదైతే అంత మంచిది. స్టార్ల హద్దులను బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అప్పుడప్పుడు బిగిస్తుంది. 2022 జూలైలో అలా బిగించినప్పుడు అంతకుముందు 5 స్టార్లున్న మోడళ్లు 4 స్టార్లకు దిగిపోయాయి. యంత్రం మారలేదు, కొలబద్ద మారింది. అందుకే లేబుల్ ఏ కాలానికి చెల్లుతుందో కూడా చదవండి.

లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసి ఉండేది 1,600 గంటల వాడకానికి. రోజుకు 8 గంటల చొప్పున 200 రోజులన్నమాట. మార్చి నుంచి అక్టోబరు దాకా రాత్రంతా ఏసీ వేసుకునే ఇంటికి ఆ లెక్క దాదాపు సరిపోతుంది, లేదా దాటుతుంది. అంతసేపు వాడేవారికి 5 స్టార్ పెట్టుబడి తిరిగి వస్తుంది. చుట్టాల గదిలో, ఏడాదికి నెల రోజులు వాడేదానికి 3 స్టార్ చాలు. కరెంటు ధర శ్లాబుల వారీగా పెరుగుతుంది కాబట్టి ఏసీ తినే యూనిట్లన్నీ పైశ్లాబు ధరకే పడతాయని గుర్తుంచుకుని లెక్క వేసుకోండి.

ఏసీకి కొత్త వైరు వేయించాలా? స్టెబిలైజర్ కావాలా?

వేరే లైను తప్పనిసరి. ఒకటిన్నర టన్నుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సొంత ఎంసీబీ (లోడు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు), సరైన ఎర్తింగ్ ఉండాలి. ఫ్రిజ్ ప్లగ్గులోంచి లాగడం మంటలతో చెలగాటం. మీటరుకు మంజూరైన లోడు ఎంతో బిల్లు మీద ఉంటుంది. రెండో ఏసీ పెట్టేటప్పుడు ఈపీడీసీఎల్ కార్యాలయంలో దాన్ని పెంచమని దరఖాస్తు చేసుకోండి. యానాం వారు పుదుచ్చేరి విద్యుత్ శాఖకు.

ఇన్వర్టర్ ఏసీలు వోల్టేజ్ హెచ్చుతగ్గులను చాలావరకు తట్టుకుంటాయి. ఎంత నుంచి ఎంత వరకు అన్నది మోడల్ కాగితంలో ఉంటుంది. లైను చివర ఉన్న ఊళ్లలో, చెరువుల మోటార్లు ఒక్కసారిగా మొదలయ్యే వేళ దీపాలు మసకబారుతుంటే మాత్రం స్టెబిలైజర్ పెట్టుకోండి.

సముద్రం దగ్గర ఉంటాం. బయటి యూనిట్ తుప్పు పట్టదా? టన్నుతో దీనికి సంబంధం ఉందా?

సంబంధం ఉంది. బయటి యూనిట్ కాయిల్ రెక్కలు ఉప్పుగాలికి పొడిపొడి అయితే వేడి బయటికి పోదు. కాగితం మీద ఒకటిన్నర టన్ను, పనిలో 1 టన్ను అవుతుంది. రాగి కాయిల్, రెక్కల మీద రక్షణ పూత ఉన్నది తీసుకోండి. నెలకోసారి మంచినీళ్లతో, ఒత్తిడి లేకుండా, కరెంటు ఆపి కడగండి. మురుగు కాలువ పక్కన, పశువుల పాక పక్కన పెట్టకండి. అక్కడి గంధకపు వాయువు రాగిని కూడా తినేస్తుంది.

యూనిట్‌ను సముద్రానికి ఎదురుగా కాకుండా ఇంటి చాటున, నీడలో, చుట్టూ గాలి ఆడేలా బిగించండి. బాల్కనీలో మూలకు నెట్టి ముందు సామాను పేర్చితే అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. 1996 నవంబరు తుపానును చూసిన కోనసీమ వారికి గాలి సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు: డాబా మీద స్టాండుకు మేకులు కాదు, కాంక్రీటులో దిగే బోల్టులు వేయించండి. లంక గ్రామాల్లో అయితే వరద మట్టం చూసుకోవాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు గోడ మీద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తు ఉంటుంది కదా, యూనిట్ దానికి పైన ఉండాలి.

విండో ఏసీయా, స్ప్లిట్ ఏసీయా?

టన్ను లెక్క రెండింటికీ ఒకటే. విండో ఏసీ చుట్టూ సందులు మిగిలితే దోమలూ తేమా కలిసి వస్తాయి. మన దోమల సంగతి తెలిసినవారు స్ప్లిట్‌కే మొగ్గుతారు.

ఏసీ ఉంది, గది చల్లబడటం లేదు. చిన్నది కొన్నామా?

కొత్తది కొనేముందు ఇది చూడండి. ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయిందా? బయటి యూనిట్ రెక్కల్లో ధూళి, కొబ్బరి పీచు, పిచ్చుక గూడు ఉన్నాయా? గ్యాసు కారిపోయిందా? ఈ మూడింటిలో ఏదో ఒకటే చాలాసార్లు కారణం. గ్యాసు తగ్గిందని నింపడమే కాదు, ఎక్కడ కారుతోందో వెతికి మూయమని మెకానిక్‌ను అడగండి. ఏటా గ్యాసు నింపించుకోవడం సర్వీసు కాదు.

ఇవన్నీ బాగుంటే గడియారం చూడండి. అర్ధరాత్రి దాటాక గది హాయిగా ఉండి, సాయంత్రం ఏడుకు మాత్రం చల్లబడకపోతే మీ సమస్య శ్లాబు, పడమటి గోడ. తెల్లవారుజామున కూడా ఏసీ ఆగకుండా పూర్తి వేగంతో తిరుగుతూ 27 దగ్గరే ఉంటే అప్పుడు ఏసీ నిజంగా చిన్నది.

వానాకాలంలో చలి వేస్తుంది, ఆపితే ఉక్క. ఏం చేయాలి?

రిమోట్‌లో డ్రై మోడ్ అందుకే ఉంది. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, గాలి కాయిల్ మీద నిలిచి నీరు దిగుతుంది. గది మరీ చల్లబడదు. ఆగస్టు, సెప్టెంబరు రాత్రుల్లో ఇది చాలు. పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న గదిలో వేసవిలో కూడా 26 పెట్టి సీలింగ్ ఫ్యాను ఒకటి, రెండు మీద తిప్పుకుంటే హాయిగా ఉంటుంది. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందనేది భ్రమ, మామూలు ఏసీ 24కైనా 18కైనా ఒకే వేగంతో పనిచేస్తుంది.

అద్దె ఇంట్లో ఉన్నాం, రెండేళ్లలో మారతాం. ఏ గదికని లెక్క వేయాలి?

ఇప్పుడున్న గదికి. తర్వాతి ఇల్లు ఎలా ఉంటుందో తెలియకుండా 2 టన్నులు కొని ఈ రెండేళ్లూ చెమ్మలో పడుకోవడం ఎందుకు? రెండు కొలతల మధ్య ఊగుతున్నట్టయితే ఇన్వర్టర్‌లో పెద్దది, మామూలు ఏసీలో చిన్నది ఎంచుకోండి. ఇల్లు మారేటప్పుడు గ్యాసును బయటి యూనిట్‌లోకి లాగి మూసిన తర్వాతే పైపులు విప్పించండి. పాత రాగి పైపు నలగకుండా ఉంటే మళ్లీ వాడవచ్చు. కొత్త ఇంట్లో పైపు దూరం పెరిగితే అందుకు తగ్గట్టు గ్యాసు కూడా కలపాలి, ఎంత కలపాలో ఆ మోడల్ కాగితంలో రాసి ఉంటుంది. ఆ కాగితం ఏసీతోపాటే దాచుకోండి.